అక్కడ పెట్టు, మాణిక్యం

“ఇవ్వలేదంటే ఇవ్వలేదు! ఎన్నిసార్లు చెప్పాలి మాణిక్యం?”

శ్యామలాదేవి గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. ఉమ్ అల్ క్వైన్‌లో ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చి పదకొండేళ్ళయింది. ఈ ఇంట్లోంచి శ్లోకాలూ మిక్సీ చప్పుడూ తప్ప ఇంకేమీ వినని పక్కింటి అజ్రా ఈపాటికి తన టీవీ శబ్దం తగ్గించే ఉంటుంది.

మాణిక్యం మాత్రం గొంతు పెంచలేదు. శ్యామలకి అదే ఇంకా మంటగా ఉంది. తప్పు చేసిన మనిషి అరవాలి, లేకపోతే ఏడవాలి. ఈవిడ వంటగది గుమ్మంలో నిలబడి, తడిచేతులు యూనిఫాం కోటుకి తుడుచుకుంటూ, నిన్నటినుంచీ చెబుతున్న మాటే పొల్లుపోకుండా మళ్ళీ చెప్పింది.

“ఇచ్చేనండి అమ్మగారూ. సోమారం పొద్దున్న కంపెనీ ముదీరు, అదేనండి మేనేజరు, నా చేతిలో ఎట్టగానే తిన్నగా ఇక్కడికే వచ్చేనండి. మా రూములో ఎనమండుగురం, మొన్నేగా ఒకమ్మాయి బేగు పోయింది. ‘అమ్మగారూ, పాస్‌పోర్టండి, శనారం దాకా మీ దగ్గరుంచండి’ అన్నానండి. మీరు రాసుకుంటన్నారు. ‘ఊఁ, అక్కడ పెట్టు’ అన్నారు. మీ పక్కన పీట మీద ఎట్టేనండి.”

“పీట మీదున్నవి నా రామకోటి పుస్తకాలు. వాటికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నా చేతులతో నేనే మూట కట్టాను. పాస్‌పోర్టంత పాస్‌పోర్టు నా కంటికి కనబడదా?”

“ఆ సంగతి నాకెలా తెలుత్తాదండి. ఎట్టేనని మాత్రం తెలుసండి.”

అమలాపురం పక్క పల్లెనుంచి వచ్చి, క్లీనింగ్ కంపెనీ వీసా మీద గంటల లెక్కన ఇళ్ళల్లో పనిచేసే మనిషి మాణిక్యం. నాలుగేళ్ళుగా ఈ ఇంటికి వస్తోంది. కంపెనీ మొన్ననే వీసా కాన్సిల్ చేసి పాస్‌పోర్టు చేతికిచ్చింది. శనివారం విమానానికి టిక్కెట్ ఉంది. ఇవాళ గురువారం. అక్కడ ఊళ్ళో ఆవిడ కూతురికి నెలలు నిండాయి, తొలి కాన్పు. తల్లి వచ్చేదాకా ఆస్పత్రికి వెళ్ళనని ఆ పిల్ల మొండికేస్తోంది.

సోఫా అంచున కూర్చున్న సుబ్బరాజు కారు తాళం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. పైపుల ఫ్యాక్టరీలో పర్చేజ్ మేనేజరు. ఈ గొడవ కోసమే మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చాడు.

“ఇద్దరూ నిదానంగా వినండి,” అన్నాడు. “పోయిందని పోలీస్ స్టేషన్‌లో ఒకసారి రాయించామా, ఆ పాస్‌పోర్టు ఖలాస్. తర్వాత మన సోఫా కిందే దొరికినా చెల్లదు. కాన్సులేట్ చుట్టూ తిరిగి వేరే కాగితం తెచ్చుకోవాలి, అది శనివారంలోగా వచ్చే పని కాదు. ఆదివారంతో మాణిక్యం వీసా గడువు అయిపోతుంది. అందుకే అడుగుతున్నాను శ్యామలా, కోపం తెచ్చుకోకు. ఆ మూటలో పడిందేమో? త్రిమూర్తులుగారికి ఒక్క ఫోన్ చేస్తే పోలా?”

శ్యామలకి కోపం రానే వచ్చింది.

కల్బాలో కిరాణా కొట్టు నడిపే త్రిమూర్తులు ఈ సాయంత్రమే షార్జాలో విజయవాడ విమానం ఎక్కుతున్నాడు. ఆవిడ ఏడాదిగా రాసిన పద్నాలుగు పుస్తకాలనీ భద్రాచలం చేర్చే భాగ్యం తనదేనంటూ నిన్న వచ్చి, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, పసుపు గుడ్డ మూటని రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళాడు.

“ఆ ముడి స్వామి పాదాల దగ్గర విప్పాల్సింది. దారిలో విప్పకూడదు,” అంది శ్యామల. “కట్టుకున్న భార్య మాట మీద నమ్మకం లేక దేవుడి మూట విప్పిస్తారా?”

“నమ్మకం సంగతి కాదు…”

“మరి ఏ సంగతి? ఇదిగో, ఇప్పుడే తేల్చేస్తాను.”

విసురుగా లేచి దేవుడి అలమారు దగ్గరికి వెళ్ళింది. పొద్దున వెలిగించిన దీపం ఇంకా ఉంది. కుందె మీద చెయ్యి వేసింది. “రాముడి మీద ఒట్టు! ఈ మనిషి నాకు పాస్‌పోర్టు ఇవ్వలేదు. నా ముందు పెట్టలేదు. చాలా?”

భోజనాల బల్ల దగ్గర పుస్తకం ముందేసుకున్న పదిహేడేళ్ళ సంజన తల్లిని చూసి తల దించుకుంది. పిల్ల కళ్ళల్లో అలాంటి చూపు శ్యామల ఇదివరకు చూడలేదు. చూసినా గమనించి ఉండదు.

“ఒట్టు దేనికండీ?” అంది మాణిక్యం. “నేను మిమ్మల్ని దొంగ అన్లేదు కదండీ.”

అంతలోనే చటుక్కున వంటగదిలోకి తిరిగి స్టవ్ కట్టేసింది. “పాలు పొంగిపోతన్నాయండి,” అంటూ బయటికి వచ్చింది. ఇంత రాద్ధాంతంలో పాల చప్పుడు విన్నది ఆ ఒక్క మనిషే.

తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ సంజన వైపు చూసింది. “పాపా, పొద్దుటేలనించి నువ్వేం తిన్లేదు. పెరుగన్నం కలిపెట్టేను, ఫ్రిజ్‌లో ఉంది. తిను.” తర్వాత పోలీస్ స్టేషన్‌కి బయల్దేరిన సుబ్బరాజు వెనకాలే లిఫ్టెక్కింది.

తలుపు మూసుకుంది. గెలిచినట్టే అనుకుంది శ్యామల.

వంటగదిలోకి వెళ్ళింది. పాలగిన్నె మీద మూత సర్ది ఉంది. బాల్కనీలోకి వెళ్ళింది. కింద పార్కింగ్‌లో తెల్లకారు వెనక్కి తీసి మలుపు తిరుగుతోంది. మళ్ళీ హాల్లోకి వచ్చింది. ఇక చేసేదేమీ లేక పీట ముందు చాప పరుచుకుని కొత్త పుస్తకం తెరిచింది. రోజుకి రెండు వేల నామాలు. ఇవాళ ఇంకా పదకొండు వందలు బాకీ. ఎర్ర ఇంకు పెన్నుతో కొత్త పేజీ మొదటి గడిలో ‘శ్రీరామ’ అని రాసింది. రెండో గడి. మూడో గడి.

నాలుగో గడిలో కలం ఆగింది.

“ఇప్పుడు కూడా రాస్తున్నావా అమ్మా?” అంది సంజన.

“రాస్తేగాని నాకు మనసు కుదుటపడదు.”

“నీకు కుదుటపడుతుంది సరే. మంగళవారం సాయంత్రం నేను నీతో ఏం చెప్పానో గుర్తుందా?”

“నువ్వు రోజూ వంద చెబుతావు.”

“ఒక్కటే చెప్పాను. ‘అమ్మా, రేపట్నించి స్కూల్ మానేస్తున్నా’ అన్నాను. నువ్వేమన్నావో తెలుసా? ‘ఊఁ, లంచ్ బాక్స్ కడిగిపెట్టు’ అన్నావు.”

శ్యామల నవ్వబోయింది. పిల్ల ముఖం చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. “చాల్లే, కథలు చెప్పకు. అలా ఎందుకంటాను?”

“వింటున్నావో లేదో చూద్దామని అన్నాను. వినలేదు. అప్పుడు మాణిక్యం ఆంటీ గిన్నెలు తోముతూ ఏదో పాట పాడుకుంటోంది. వాళ్ళ ప్రార్థన పాట. పాట ఆపేసి సబ్బు చేతులతోనే వచ్చేసింది, ‘ఏమైంది పాపా, బళ్ళో ఎవరేమన్నారు?’ అని.”

“ఎవరేమన్నారు?” శ్యామల గబగబా అడిగింది. “నిజంగా మానేద్దామనుకున్నావా?”

“ఆ మాట మంగళవారం అడగాల్సింది.”

ఈ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తగిలిన చోట నొప్పి తెలియకుండా ఉండాలని శ్యామల నోరు పెద్దది చేసుకుంది. “నేనీ పుస్తకాలు ఎవరికోసం మొదలుపెట్టానే? చీరల కోసమా, నగల కోసమా? కరోనాలో మీ నాన్నని అంబులెన్సులో ఎక్కించుకుపోయిన రోజు నీకు పదమూడేళ్ళు. పంతొమ్మిది రోజులు మనిషి ముఖం చూపించలేదు. ఫోన్‌లో దగ్గు తప్ప మాట లేదు. అప్పుడు మొదలుపెట్టాను. ఆయన తిరిగొస్తే ఊపిరున్నంత కాలం రాస్తానని మొక్కుకున్నాను.”

“నాన్న వచ్చేశాడు కదమ్మా,” అంది సంజన. అరవలేదు. “వచ్చి నాలుగేళ్ళు దాటింది.”

రోజూ రాత్రి తొమ్మిదింటికి సుబ్బరాజు ఈ చాప పక్కనున్న కుర్చీలో కూర్చుని ఫ్యాక్టరీ సంగతులు చెప్పబోయేవాడు. ఈ మధ్య కూర్చోవడం లేదు. ఎప్పట్నుంచి కూర్చోవడం లేదో శ్యామల గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తుకి రాలేదు.

ఫోన్ టింగుమంది. రామకోటి సత్సంగం గ్రూప్. అబుదాబీ నుంచి కల్బా దాకా అరవై ముగ్గురు ఆడవాళ్ళు. రాసిన పేజీ ఫొటో తీసి ఎవరికి వాళ్ళు రోజూ అందులో పెట్టడం వాళ్ళ నియమం. బనియాస్ నుంచి మంగాదేవి అడుగుతోంది: శ్యామలగారూ, ఇవాళ మీ పేజీ రాలేదేం?

ఆ పలకరింపు శ్యామలకి కొండంత బలాన్నిచ్చింది. తనేమిటో తెలిసినవాళ్ళు ఉన్నారు. ఫోన్ కూతురి ముందుకి తోసింది. “నేను పరధ్యానంగా ఉన్నానంటావు కదూ? చూడు, సోమవారం నాటి పేజీ. పొద్దున తొమ్మిదీ పన్నెండుకి పెట్టాను. ఒక్క కొట్టివేత చూపించు. ఒక్క అక్షరం వంకర చూపించు. అంత ఏకాగ్రతగా ఎవరు రాస్తారో చెప్పు!”

సంజన ఫొటో చూసింది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఫోన్ తల్లి చేతిలో పెట్టేసింది.

పేజీ నిండా ఎర్రటి నామాలు ముత్యాల్లా ఉన్నాయి. పేజీ కుడిపక్కన, ఫొటో అంచున, పీట మీది పుస్తకాల దొంతర సగం పడింది. దొంతర మీద ఒక చెయ్యి. మోచేతి దాకా మడిచిన బూడిదరంగు యూనిఫాం, మణికట్టుకి నల్లదారం. ఆ వేళ్ళ కింద పలచటి ప్లాస్టిక్ కవరు, కవర్లో నీలం అట్ట, దాని మీద బంగారు రంగు సింహాల గుర్తు.

ఆ ఫొటో కింద నలభై ఒక్కమంది దండం పెట్టారు.

శ్యామల ఫోన్ కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది. తనే తీసింది ఈ ఫొటో. ఆ చెయ్యి తన చేతికి జానెడు దూరంలో ఉంది. పేజీ తిన్నగా పడిందా లేదా అనే చూసుకుంది. ఆ పేజీతో పూర్తయిన పద్నాలుగో పుస్తకాన్ని మూసి దొంతర మీద పెట్టింది, అంటే ఆ నీలం అట్ట మీదే పెట్టింది. మర్నాడు స్పీకర్లో మంగాదేవితో భద్రాచలం విశేషాలు మాట్లాడుతూ పై పుస్తకానికి పసుపు రాసి బొట్టు పెట్టి, దొంతర దొంతరగానే గుడ్డలో చుట్టింది. కింది పదమూడింటికీ పసుపు ముందే రాసేసింది కదా, వాటిని కదిపే పని పడలేదు.

ఒట్టు పెట్టింది. దీపం మీద చెయ్యి వేసి మరీ పెట్టింది. అబద్ధమని తెలియక పెట్టినా అది అబద్ధమే. దేవుడి అలమారు వైపు తల తిప్పడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు.

“అమ్మా, తర్వాత ఏడుద్దువుగాని,” అంది సంజన. “త్రిమూర్తులు మావయ్యకి ఫోన్ చెయ్యి. చెకిన్ అయిపోతే ఇంతే సంగతులు.”

నాలుగో రింగుకి ఎత్తాడు. వెనక ఎయిర్‌పోర్టు రొద. “ఆఁ చెల్లెమ్మా! లైన్లో ఉన్నా. నా ముందు ఇంకా అయిదారుగురున్నారంతే. నీ మూట భద్రంగా కార్టన్లో పెట్టి, ప్లాస్టిక్ చుట్టించి, తాడు కూడా కట్టేశా. నువ్వేం బెంగెట్టుకోకు.”

“అన్నయ్యగారూ, లైన్లోంచి బయటికి రండి. కార్టన్ విప్పండి. మూట విప్పండి.”

“అదేంటమ్మా! స్వామి పాదాల దగ్గరే విప్పాలని, దారిలో ముట్టుకోవద్దని నిన్న అన్నిసార్లు చెప్పావు. నేను పొద్దున తలస్నానం చేసి మరీ కట్టుకొచ్చా.”

“చెప్పాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను, విప్పండి. ముడి రాకపోతే కోసెయ్యండి. పైనుంచి మొదటి పుస్తకం కింద ఒక పాస్‌పోర్టు ఉండాలి. మాణిక్యానిది.”

“పనమ్మాయిదా? నీ పుస్తకాల్లోకి ఎలా వచ్చింది?”

శ్యామల కళ్ళు మూసుకుంది. “నేనే పెట్టేశానన్నయ్యగారూ. చూసుకోకుండా.”

“ఉండు, ఉండు. ఇక్కడ కత్తి కూడా లేదు, చుట్టినవాడి దగ్గరికే పోవాలి. చూసి నేనే చేస్తా. నీ నంబరు ఒక్కోసారి కలవట్లేదు, పాప ఫోన్‌కి చేస్తా.” ఫోన్ పెట్టేశాడు.

ఉంటుందా? సోమవారం మధ్యాహ్నం దొంతర పక్కకి జరిపి చాప దులిపింది. అప్పుడు జారి ఉంటే? చెత్తబుట్టలో పడి ఉంటే? ఫొటోలో ఉన్నది సోమవారం తొమ్మిదీ పన్నెండుకి. మూటలో ఉందో లేదో ఎవరు చెప్పగలరు?

సుబ్బరాజుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. స్టేషన్లోకి వెళ్ళగానే సైలెంట్‌లో పెట్టేస్తాడు, అంత పద్ధతి మనిషి. మూడోసారీ అంతే.

“మాణిక్యం ఆంటీకి చెయ్యి,” అంది సంజన.

శ్యామల ఫోన్లో వెతికింది. మాణిక్యం అని లేదు. పనిమనిషి అని లేదు. నాలుగేళ్ళు. రాకపోతే మాణిక్యమే ఫోన్ చేసేది, లేటయితే ఆవిడే చేసేది. ఆ నంబరు దాచుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు.

సంజన అడగకుండానే తన ఫోన్‌లోంచి చదివింది. శ్యామల ఒక్కొక్క అంకె నొక్కింది. రెండుసార్లు తప్పు నొక్కి మళ్ళీ మొదలుపెట్టింది.

ఒక్క రింగుకే ఎత్తింది.

“చెప్పండమ్మగారూ, వింటన్నాను.”

వెనక ఎవరో అరబ్బీలో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. సుబ్బరాజు గొంతు దగ్గరలోనే వినిపించింది, “మనదే మాణిక్యం, యల్లా, పద.”

“మాణిక్యం, ఆగు. కౌంటర్ దగ్గరికి వెళ్ళొద్దు. ఏమీ రాయించొద్దు.”

“ఎందుకండి? దొరికిందాండి?”

దొరికిందని చెప్పడానికి లేదు. దొరకలేదని చెప్పడానికీ లేదు. తన మాట నమ్మి ఇప్పుడు వెనక్కి తిరిగితే, తీరా మూటలో లేకపోతే, రేపు శుక్రవారం, ఎల్లుండి విమానం. ఒక పూట పోయినా ఆ పిల్ల కాన్పుకి తల్లి ఉండదు. చెప్పకుండా ఊరుకుంటే ఇంకో నిమిషంలో పాస్‌పోర్టు చెల్లకుండా పోతుంది. చేతిలో ఉన్నది ఒక్కటే, జరిగింది జరిగినట్టు చెప్పడం.

“నువ్వు ఇచ్చావు,” అంది శ్యామల. “సోమవారం నువ్వు ఇచ్చావు. నేను అక్కడ పెట్టమన్నాను. నువ్వు పెట్టావు. నా పుస్తకాలతో కలిపి నేనే మూట కట్టేశాను. త్రిమూర్తులుగారు ఎయిర్‌పోర్టులో విప్పి చూస్తున్నారు. ఉందో లేదో ఇంకా తెలీదు. నేను పెట్టిన ఒట్టు తప్పు మాణిక్యం.”

అవతల టోకెన్ నంబరు రెండోసారి పిలిచారు. సుబ్బరాజు “ఎవరు?” అంటున్నాడు. “అమ్మగారండి,” అంది మాణిక్యం అతనితో. ఫోన్ మళ్ళీ నోటికి దగ్గరగా తెచ్చుకున్నట్టుంది, ఊపిరి వినబడుతోంది.

“అమ్మగారూ.”

“చెప్పు.”

“రాసుకుంటా మాట్లాడతన్నారాండి?”

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది. ఈ మాట ఎంతవరకు నమ్మొచ్చో తెలుసుకోవాలి కదా మరి, తన బతుకంతా దీని మీదుంది.

శ్యామల తన కుడిచేతి వైపు చూసుకుంది. ఎర్ర ఇంకు మరకలున్నాయి. కలం చాప మీద ఎక్కడో పడి ఉంది. నాలుగో గడి సగంలోనే ఆగింది.

“లేదు మాణిక్యం. ఏమీ రాయడం లేదు.”

“అయితే ఇంకోపాలి చెప్పండి,” అంది మాణిక్యం. “నిదానంగా చెప్పండి. వింటన్నాను.”

సంజన చేతిలో ఫోన్ మోగింది. తెర మీద త్రిమూర్తులు పేరు. “అమ్మా!” అంది సంజన.

శ్యామల తల తిప్పలేదు. ఎదురుగా కనబడని ఆ మనిషి ముఖం మీదే మనసు నిలిపి, మొదటినుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.